శ్రీకాకుళం అడ్రస్‌తో హెల్త్ ఇన్సూరెన్స్ చవకగా వస్తుందా?

మీ ఒక్కరికే పాలసీ కావాలి, హైదరాబాద్ స్నేహితుడి కన్నా మీకు ప్రీమియం తక్కువ చూపిస్తోంది, ఇందులో ఏమైనా మెలిక ఉందా అని అడిగారు. తేడా నిజమే. చాలా కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి రేటు కడతాయి. ఢిల్లీ, ముంబై పై జోన్‌లో ఉంటే, శ్రీకాకుళం, విజయనగరం సాధారణంగా కింది జోన్‌లో పడతాయి.

మెలికా ఉంది. గుండె ఆపరేషన్ లాంటిదైతే మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది విశాఖకే కదా. కింది జోన్ ప్రీమియం కట్టి పై జోన్ ఊళ్లో చేరితే, కొన్ని పాలసీల్లో బిల్లులో కొంత శాతం మనమే భరించాలి. అది 20 శాతమైతే 3 లక్షల బిల్లుకు 60 వేలు చేతి నుంచి పోతాయి. అందుకే విశాఖ, హైదరాబాద్ ఏ జోన్‌లో ఉన్నాయో పాలసీ పత్రంలోనే చూడండి, ఏజెంట్ నోటిమాట చాలదు. ఆసుపత్రి గది అద్దెకు పరిమితి లేని పాలసీ అయితే మేలు.

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. షుగర్, బీపీ ఉంటే దాచొద్దు, క్లెయిమ్ అప్పుడు అదే టెన్షన్. చెప్పి తీసుకుంటే వాటికి వెయిటింగ్ (ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లే. అన్నట్టు, ఏపీ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు మీకు అర్హత ఉందేమో ముందు సచివాలయంలో కనుక్కోండి.