తిరుపతి నుంచి లండన్‌కు విమానంలో ఎంత దూరం, ఎంత సేపు?

భూగోళం మీద దగ్గరి దారిన కొలిస్తే రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం నుంచి లండన్ హీత్రూ విమానాశ్రయానికి సుమారు 8,140 కిలోమీటర్లు. కానీ నేరుగా వెళ్లే విమానం లేదు. అందుకే మనవాళ్లు ఎక్కువగా చెన్నై వెళ్లి ఎక్కుతారు. అక్కడి నుంచి దాదాపు 8,230.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే తొమ్మిది గంటల పైచిలుకే రావాలి. నిజానికి పదిన్నర నుంచి పదకొండున్నర పడుతుంది. ఎత్తులో గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, వెళ్లేటప్పుడు అవి ఎదురు. పైగా యుద్ధాల వల్ల మూసిన గగనతలాన్ని చుట్టి పోవాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

టికెట్‌పై వేళలు స్థానిక సమయాలు. తెల్లవారి 5:30కి బయల్దేరి 11 గంటలు ఎగిరితే అక్కడ చలికాలంలో ఉదయం 11, ఎండాకాలంలో మధ్యాహ్నం 12. తేడా అయిదున్నర గంటలు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా నాలుగున్నరే.

పుత్తూరు మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టుకు కారులో మూడు, మూడున్నర గంటలు, చెక్-ఇన్‌కు మూడు గంటలు కలుపుకోండి. హైదరాబాద్ మీదుగా వెళ్తే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. విడి టికెట్లయితే లగేజీ దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు గోవిందా!