ఆ తెల్ల పొడిని పారేయకండి

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. 10.7 గ్రాముల బెంజైల్ అమీన్‌ని డైక్లోరోమీథేన్‌లో కరిగించి, 14.1 గ్రాముల బెంజాయిల్ క్లోరైడ్ కలుపుతున్నాను. ఆ రెండూ కలిసి ఏర్పడే అమైడ్ 21.1 గ్రాములు రావాలి. మూడుసార్లు చేశాను, 10.2 దాటలేదు. ఫ్లాస్కులో తెల్ల పొడి పేరుకుంటోంది. అది మలినమని వడగట్టి పారేస్తున్నాను. ఒకసారి ఎండబెట్టి తూస్తే దాదాపు 7 గ్రాములు ఉంది. బెంజాయిల్ క్లోరైడ్ రెట్టింపు వేసినా ఈల్డ్ కదల్లేదు. పైగా కడిగేటప్పుడు కళ్లు మండుతున్నాయి. బైకార్బొనేట్‌తో కడిగితే మధ్యలో నురగ తెట్టు కట్టి లేయర్లు విడిపోవడం లేదు. ఇంకా బాగా శుద్ధి చేయడం ఎలా?

జవాబు: శుద్ధి సంగతి తర్వాత చూద్దామమ్మా. మీరు ఆ పొడిని తూశారు చూడండి, అదే మీరు చేసిన మంచి పని. చాలామంది తూచకుండానే పారేస్తారు.

మీరు తీసుకున్నవి రెండూ 0.1 మోల్ చొప్పున ఉన్నాయి. అమైడ్ తయారైన ప్రతిసారీ ఒక హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. అది ఊరికే ఉండదు, పక్కనే ఉన్న ఇంకో అమీన్ అణువును పట్టుకుని లవణంగా మారుతుంది. ఆ లవణం డైక్లోరోమీథేన్‌లో సరిగా కరగదు కాబట్టి తెల్లగా అడుగున కూర్చుంటుంది. అంటే ఒక అమీన్ పని చేస్తుంటే ఇంకొకటి ఇరుక్కుపోతోంది. సగం అమీన్, అంటే 0.05 మోల్, లవణమైతే 7.2 గ్రాములు ఉండాలి. మీ త్రాసు చూపించింది అదే. మలినమని మీరు వడగట్టి పారేసింది మీ అమీన్‌నే! కళ్లు మండటం కూడా లెక్కలోదే. అమీన్ దొరక్క మిగిలిపోయిన బెంజాయిల్ క్లోరైడ్ మంట అది. అమీన్ తాళం పడి ఉంటే అవతల ఎంత పోసినా ఏం లాభం?

కాబట్టి హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టిన చోటే దాన్ని పట్టుకోవాలి. 1880ల్లో కార్ల్ షాటెన్, ఓయిగెన్ బౌమన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు చూపించిన దారి ఇప్పటికీ హాయిగా పనిచేస్తుంది. డైక్లోరోమీథేన్‌లోని అమీన్ మీద 10 శాతం కాస్టిక్ సోడా ద్రావణం ఓ 80 మి.లీ. పోయండి. ఐసులో పెట్టి, గట్టిగా కలియబెడుతూ బెంజాయిల్ క్లోరైడ్‌ని బొట్టు బొట్టుగా వేయండి. అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే. నీళ్లూ కాస్టిక్కూ పక్కనే ఉన్నా, బెంజాయిల్ క్లోరైడ్ అమీన్‌తోనే ముందు కలుస్తుంది. పుట్టిన ఆమ్లం 5.8 గ్రాముల మామూలు ఉప్పుగా మారి నీటి లేయర్లో కరిగిపోతుంది. వేయడం అయ్యాక కూడా కాసేపు కలియబెడుతూ ఉంచితే మిగిలిన బెంజాయిల్ క్లోరైడ్ సోడియం బెంజోయేట్‌గా మారి నీటిలోకే పోతుంది. కింది లేయరే మీది, డైక్లోరోమీథేన్ నీళ్లకంటే బరువు. దాన్ని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే మిగులు అమీన్ పోతుంది. అమైడ్ ఆమ్లానికీ లొంగదు, క్షారానికీ లొంగదు. కదలకుండా కూర్చుంటుంది.

కాస్టిక్ బదులు, ఆమ్లాన్ని పట్టుకునే ట్రైఇథైల్ అమీన్ అనే ఇంకో క్షారం వేయమని ఎవరైనా చెబుతారు. తప్పేమీ కాదు. కానీ దాని లవణం 13.8 గ్రాములు తయారవుతుంది, దాన్నీ కడిగి వదిలించుకోవాలి. మీ రియాక్షన్‌కి అంత అవసరం లేదు.

ఇక నురగ తెట్టు. లేయర్లు విడదీసే ఫనెల్‌ని గిలక్కాయలా ఊపకండి. మెల్లగా నాలుగుసార్లు తలకిందులు చేసి నిలబెట్టండి. అప్పటికీ విడిపోకపోతే గాఢమైన ఉప్పునీళ్లు కొంచెం పోయండి. బైకార్బొనేట్‌తో మాత్రం జాగ్రత్త. 0.1 మోల్ ఆమ్లం దానితో కలిస్తే దాదాపు 2.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ ఫనెల్ అర లీటరుదే అయి ఉంటుంది. చేరిన కొత్తలో నేను మూత బిగించి రెండుసార్లు ఊపి, గ్యాస్ వదలకుండా పక్కవాడితో మాట్లాడుతూ నిలబడ్డాను. స్టాపర్ ఎగిరి ట్యూబ్‌లైట్ పట్టీకి తగిలింది, మూడు రోజుల పని నా ఏప్రన్ మీద పడింది. ముందు బీకరులో, మూత లేకుండా, బుడగలు ఆగేదాకా కలిపి ఆ తర్వాతే ఫనెల్‌లో పోయండి.

పాత తెల్ల పొడి ఇంకా ఉంటే నీళ్లలో కరిగించి, కాస్టిక్ సోడా వేసి, డైక్లోరోమీథేన్‌తో లాగండి. మీ అమీన్ మీకు తిరిగొస్తుంది.

ప్రశ్న: బైప్రొడక్ట్, సైడ్ ప్రొడక్ట్ ఒకటేనా?

జవాబు: మాటల్లో కలిపేస్తుంటారు కానీ ఒకటి కాదు. సమీకరణంలో రాసి ఉన్నది, తప్పకుండా పుట్టేది బైప్రొడక్ట్. పై ప్రశ్నలో హైడ్రోజన్ క్లోరైడ్ అదే. పక్కదారిన పుట్టేది సైడ్ ప్రొడక్ట్, నీళ్లు తగిలి వచ్చే బెంజోయిక్ ఆమ్లంలాగా. వేడి తగ్గించి, బొట్టు బొట్టుగా వేస్తే రెండోది తగ్గుతుంది. మొదటిది ఏం చేసినా తగ్గదు. క్యూమీన్ నుంచి ఫినాల్ చేసే పద్ధతిలో ఒక టన్ను ఫినాల్‌కి సుమారు 0.6 టన్ను అసిటోన్ వచ్చి తీరుతుంది. ఫినాల్ చాలనుకునే ఫ్యాక్టరీ కూడా అసిటోన్‌కి ట్యాంకు కట్టుకోవాల్సిందే.