పాప ఫైలు ఎక్కడుంది?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న మా బాబుకి ఏడేళ్ల చెల్లెలి మూలకణాలు సరిపోయాయి. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పాపకి ఇంజెక్షన్లు ఇచ్చి, తొడ దగ్గర గొట్టం పెట్టి మెషిన్‌తో తీశారు. ‘రక్తదానం లాంటిదే’ అన్నారు. బాబు బాగున్నాడు. పాప కాల్లో రక్తం గడ్డకట్టింది, ఇప్పటికీ వాస్తోంది. 20 నెలలైంది. పాపకి 18 నిండాక కేసు వేయొచ్చని ఒకరు, ఫారంపై సంతకం మాది కాదనమని ఇంకొకరు అంటున్నారు. డాక్టర్లపై క్రిమినల్ కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ సంతకం సంగతి. మీరు చేసిందే అయితే కాదని ఒక్క మాట కూడా అనకండి. చేతిరాత నిపుణుడి దగ్గరకు పంపితే తేలిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. చదవకుండా సంతకం పెట్టడం మీ పొరపాటే, కానీ దానివల్ల కేసు పోదు.

గొట్టం పెట్టిన చోట గడ్డకట్టడం వైద్యంలో తెలిసిన ప్రమాదమే కాబట్టి, అది జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. మత్తిచ్చి తుంటి ఎముక నుంచి మూలకణాలుండే మూలుగ తీసే దారి కూడా ఉందని, పిల్లల సన్నని నరాలు మెషిన్‌కి చాలక గొట్టం పెడతామని, దాంతో గడ్డకట్టొచ్చని మీకు చెప్పారా? తలసీమియాలో చాలామంది నిపుణులు మూలుగకే మొగ్గు చూపుతారు. పైగా ఆ సూది, ఆ గొట్టం వల్ల పాపకు ఒరిగేదేమీ లేదు. అందుకే ఆమె పేరున విడిగా కేస్ షీట్, అంగీకార పత్రం, వీలైతే బాబుని చూసే డాక్టర్ కాక మరో డాక్టర్ చేసిన పరీక్ష ఉన్నాయా అన్నదే కీలకం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లోనే దాత అయిన బిడ్డ తరఫున మాట్లాడే స్వతంత్ర వ్యక్తి ఉండాలంది. మన వినియోగదారుల కమిషన్ దానికి కట్టుబడాల్సిన పనిలేదు గానీ, మీ తరఫు వైద్య నిపుణుడు దాన్ని చూపించవచ్చు. ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పాకే అంగీకారం తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

20 నెలలుగా ఆసుపత్రికి ఒక్క లేఖ కూడా రాయలేదా? వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం పరిహారం ఫిర్యాదుకి గడువు రెండేళ్లే. మైనర్లకు కాలపరిమితి చట్టంలో సడలింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. తల్లిదండ్రులుగా మీ నష్టపరిహారానికి అది వర్తించదు. వైద్య నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే ఉంచాలి. పాపకి 18 వచ్చేదాకా ఆ ఫైలు ఎవరు దాస్తారు?

పాప, బాబు రికార్డుల నకళ్లు వేర్వేరుగా కావాలని ఇవాళే స్పీడ్ పోస్టులో అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. వాటిని సంబంధం లేని రక్తవ్యాధి నిపుణుడికి చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. క్రిమినల్ కేసుకి తీవ్ర నిర్లక్ష్యం కావాలి. సుప్రీంకోర్టు జాకబ్ మాథ్యూ తీర్పు (2005) తర్వాత మరో డాక్టర్ అభిప్రాయం లేకుండా అది ముందుకు సాగదు. మీకు పనికొచ్చేది పరిహారం ఫిర్యాదే. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో బిడ్డా, తల్లిదండ్రులూ ఇద్దరూ వినియోగదారులేనని సుప్రీంకోర్టు తేల్చింది. మీరు కట్టిన ఫీజు 50 లక్షలు దాటకపోతే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. డాప్లర్ స్కాన్ (కాలి రక్తనాళాల స్కాన్) రిపోర్టు, ఫీజు రసీదులు థర్మల్ పేపర్ మీద ఉంటే అక్షరాలు చెరిగిపోకముందే జిరాక్సు తీయించండి.