"ప్రశ్న ఉత్పన్నం కాదు" అనే మాట రానివ్వకు బిడ్డా

బిడ్డా,

నువ్వు ఎమ్మెల్సీ సార్ దగ్గర పీఏగా చేరావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. వచ్చే వారం శాసనమండలి సమావేశాలు మొదలవుతున్నాయని టెన్షన్ పడుతున్నావట, "చిన్నబాపు ఆరేళ్లు అదే పని చేసిండు కదా, ఏమన్నా చెప్పమను" అన్నావట. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. నా చేతిరాత నీకు అర్థం కాదని టైపు కూడా చేశాను, తప్పులుంటే సర్దుకో.

1985లో మండలిని రద్దు చేసినప్పుడు నేను అప్పుడే కొలువులో చేరిన పంతులును. మళ్లీ 2007లో వచ్చింది. ఆ 22 ఏళ్లు టీచర్లకు సభలో మా మనిషి అని చెప్పుకోడానికి ఒక్కడు లేడు. అందుకే మండలిని ఎవరైనా ఓడిపోయిన నాయకుల పునరావాస కేంద్రం అంటే నాకు కోపం వస్తుంది, ఆ మాటలో కొంత నిజం ఉందని తెలిసి కూడా. ఇప్పుడు మన తెలంగాణ మండలిలో ఉండే 40 మందిలో టీచర్లు ఎన్నుకునేది ముగ్గురిని, పట్టభద్రులు ఎన్నుకునేది ముగ్గురిని. మిగతా వాళ్లలో 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల వాళ్లు పంపుతారు, ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మీ సార్ ఏ దారిన వచ్చాడన్నదాన్ని బట్టే ఆయన ఇంటి ముందు కూర్చునే మనుషులు మారతారు.

ముందు ఒకటి తెలుసుకో. మండలి ఏ బిల్లునూ చంపలేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు. పన్నులు, ఖర్చుల లెక్కలుండే ద్రవ్య బిల్లయితే 14 రోజులు, అంతే. కాబట్టి మీ సార్ హన్మకొండ మీటింగ్‌లో "ఆ బిల్లును మండలిలో అడ్డుకుంటాం" అని గర్జించబోతే నువ్వు వెనక నుంచి చిన్నగా దగ్గు. ఆయన బలమంతా ప్రశ్నలో ఉంది, ఆ ప్రశ్న రాసేది నువ్వు.

నేను రాసిన మొట్టమొదటి ప్రశ్న సంగతి విను. ఊరి బడుల్లో మరుగుదొడ్లు కడిగే మనిషి లేక పిల్లలు పడే బాధ చూసి, ఆవేశంగా రాశాను: "అ) జిల్లాలోని ఏ ఒక్క ప్రభుత్వ పాఠశాలలోనూ స్కావెంజర్ లేరన్నది నిజమేనా? ఆ) అయితే, అందుకు కారణాలేమిటి? ఇ) ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటుంది?" నెలల తరబడి ఎదురుచూస్తే జవాబు వచ్చింది. "అ) లేదండీ. ఆ), ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." అంతే బిడ్డా! ఏదో నాలుగైదు బడుల్లో స్కావెంజర్ ఉన్నాడు, దాంతో "ఏ ఒక్క" అన్న నా మాట అబద్ధమైంది, మిగతా రెండు ముక్కలూ దానితోపాటే కొట్టుకుపోయాయి. జవాబు రాసిన సెక్షన్ ఆఫీసర్ అబద్ధం చెప్పలేదు, నేనే వాడికి తలుపు తీసి పెట్టాను. ఆ రోజు మా సార్ నన్ను ఏమీ అనలేదు, లాబీలో టీ తాగిస్తూ "పంతులూ, పరీక్ష పేపర్ ఇట్లనే సెట్ చేస్తవా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి "నిజమేనా" అని మొదలుపెట్టడం మానేశాను. అంకె అడుగు. ఉదాహరణకు నీ దగ్గరికి ఇప్పటికీ 317 జీఓ (టీచర్లను, ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దిన ఉత్తర్వు) బాధితులు వస్తారు, భర్త ములుగులో, భార్య జనగామలో ఉన్నవాళ్లు. "టీచర్లకు అన్యాయం జరిగిందా" అని రాస్తే "లేదండీ" వస్తుంది. అలా కాకుండా ఇలా రాయి: ఉమ్మడి వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలయింది కదా, ఆ జిల్లాల వారీగా వచ్చిన స్పౌజ్ దరఖాస్తులు (భార్యాభర్తలను ఒకే చోట వేయమనేవి) ఎన్ని, పరిష్కరించినవి ఎన్ని, పెండింగ్ ఎన్ని, మిగిలినవి ఏ తేదీలోగా తేలుస్తారు. వీటిలో దేనికీ "ఉత్పన్నం కాదు" అని రాయలేరు. అయితే "సమాచారం సేకరిస్తున్నాం" అని రాస్తారు, ఆ రోగానికి మందు అనుబంధ ప్రశ్న, అంటే మంత్రి జవాబు మీద అక్కడికక్కడే వేసే ప్రశ్న.

నక్షత్ర గుర్తు ప్రశ్న అంటే మంత్రి లేచి నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబుతో సరి. మీ సార్‌కు అనుబంధ ప్రశ్నలు మూడు రాసివ్వు, ఒక్కోటి రెండు వాక్యాలు దాటకుండా. పేజీలు రాసిస్తే ఆయన పేజీలే చదువుతాడు, చైర్మన్ గారు "ప్రశ్న అడగండి, ఉపన్యాసం వద్దు" అంటారు, అంతలో మైక్ కట్. ఛైర్‌లో గుత్తా సుఖేందర్ రెడ్డి గారున్నా, మన వరంగల్ మనిషి డిప్యూటీ చైర్మన్ బండా ప్రకాశ్ గారున్నా టైం టైమే, మనవాళ్లని ఎక్కువ ఇవ్వరు. ఇంకో మాట, జాబితాలో కింద ఉన్న ప్రశ్నకు టైం అందకపోతే జవాబు సభ ముందు పెట్టినట్టే లెక్క. ఆ కాగితం తెచ్చుకోవడం మర్చిపోకు, చాలామంది మర్చిపోతారు.

పొద్దున హడావుడి గురించి ఎక్కువ చెప్పను. హన్మకొండ నుంచి తెల్లారి బస్సెక్కితే ఉప్పల్‌లో దిగి మెట్రో, అమీర్‌పేటలో మారితే అసెంబ్లీ స్టేషన్. కానీ సమావేశాల రోజుల్లో ఆ సాహసం వద్దు, ముందు రోజు రాత్రే హైదరాబాద్‌లో ఉండు. పాస్ మెడలో ఉండాలి. పొద్దున ఎజెండా కాగితం చేతికి రాగానే మీ సార్ పేరున్న చోటల్లా గీత గీసి ఇవ్వు. సంతాప తీర్మానం ఉంటే ఆయన చెప్పులు చప్పుడు చేసుకుంటూ ఆలస్యంగా లోపలికి పోకుండా చూడు.

పొద్దున సాధారణంగా వాయిదా తీర్మానాల గోల ఉంటుంది, మిగతా పని ఆపి ముందు మా విషయం చర్చించండి అని అడగడమన్నమాట. ఇస్తారు, తిరస్కరిస్తారు, పోడియం దగ్గరికి పోతారు, టీవీల్లో అదే వస్తుంది. పార్టీ చెబితే మీ సార్ కూడా పోవాల్సిందే, దాన్ని నువ్వు ఆపలేవు. కానీ వాకౌట్ ఎప్పుడన్నది ముందే కనుక్కో. తమ ప్రశ్న వచ్చే ఐదు నిమిషాల ముందు వాకౌట్ చేసి, బయట మీడియా పాయింట్ దగ్గర "ప్రభుత్వం జవాబు చెప్పకుండా పారిపోయింది" అన్న మహానుభావులను నేను చూశాను. పారిపోయింది ఎవరు మరి?

ముందుగా ప్రశ్న ఇవ్వకుండా ఊరి సమస్యలు ప్రస్తావించే జీరో అవర్‌లో అంచనాలు పెట్టుకోకు. రెండు నిమిషాల్లో ఊరి పేరు, సమస్య, కావాల్సింది చెప్పించు. మంత్రి "నోట్ చేసుకున్నాను" అంటారు, నిజంగా నోట్ చేసుకుంటారో లేదో ఆ దేవుడికే ఎరుక. అందుకే నువ్వే ఆ సాయంత్రం శాఖ కార్యదర్శికి ఒక లెటర్ కొట్టు, ఫలానా తేదీన సభలో ప్రస్తావించాం, మంత్రి గారు స్పందించారు అని. తేదీ ఉన్న లెటర్‌ను అంత తేలిగ్గా పక్కన పడేయలేరు. నా ఆరేళ్లలో కదిలిన పనుల్లో ఎక్కువ భాగం ఈ లెటర్ల వల్లే కదిలాయి.

మధ్యాహ్నం భోజనం తర్వాత బిల్లులు. అప్పటికి సభ పలచబడుతుంది. సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, అదే కోరం, పది మంది, అది కూడా కష్టమయ్యే రోజులుంటాయి. మూజువాణి ఓటుతో, అంటే నోటితో అవును, కాదు అనిపించి, వరసగా పాస్ అవుతుంటాయి. సరిగ్గా అప్పుడే మీ సార్‌ను కూర్చోబెట్టు. కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు అడిగినవాళ్లకు మాట్లాడే టైం దొరుకుతుంది, క్లాజు పట్టుకుని అడిగితే మంత్రులు కూడా కాస్త నెమ్మదిగా వింటారు. మన భూపాలపల్లి మధుసూదనాచారి గారిని గమనించమను. అసెంబ్లీకి తెలంగాణ తొలి స్పీకర్‌గా చేసిన మనిషి, మండలికి వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యాడు. రూల్స్ ఆ కుర్చీ నుంచి ఎలా కనిపిస్తాయో, ఈ కుర్చీ నుంచి ఎలా కనిపిస్తాయో రెండూ తెలిసినవాళ్లు తక్కువ. పార్టీ ఏదన్నది పక్కన పెట్టు.

ఒక్క విషయం బాధగా చెబుతున్నాను. టీచర్ల నియోజకవర్గంలో ఓటు హైస్కూల్, ఆపై చెప్పేవాళ్లకే. ప్రైమరీ బడి పంతుళ్లకు లేదు. అయినా అర్జీలు పట్టుకుని వస్తారు. "మీకు ఓటు లేదు కదా" అనే మాట నీ నోట, నీ పక్క కుర్రాళ్ల నోట రాకూడదు. నాకు తెలిసిన ఒక పీఏ నవ్వుతూ అన్నాడు, ఆ పంతులమ్మ అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

వచ్చే ఆదివారం ఖాళీ చేసుకుని ఇంటికి రా. అటక మీద నా పాత ప్రశ్నల ఫైళ్లు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి, చెదలు తినక ముందే తీసుకుపో, స్కావెంజర్ల ప్రశ్న పైనే పెట్టాను. మీ చిన్నమ్మ సర్వపిండి చేస్తానంటోంది, మీ సార్‌కు కూడా ఒక డబ్బా కట్టిస్తుంది. లంచం కాదులే.

మీ చిన్నబాపు,
హన్మకొండ