వీకెండ్‌లో ఫిలిప్పీన్స్ ఊరి తిండీ పండగా రెండూ కావాలంటే లుక్బన్ వెళ్లండి

మీ ప్రశ్న: "మనీలాలో ఉంటున్నాం. ఒక వీకెండ్‌లో ఇక్కడి ప్రాంతీయ వంటలు తినాలి, ఏదైనా పండగ కూడా చూడాలి. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? ఆ తిండి మన నోటికి ఎక్కుతుందా?"

మే నెలలో అయితే ఇంకో ఆలోచన పెట్టుకోకుండా లుక్బన్ వెళ్లండి. బనహావ్ కొండ పక్కన, కెజోన్ ప్రావిన్స్‌లో ఉన్న ఊరు. మనీలాలోనే ఉన్న కెజోన్ సిటీ వేరు, ఇది వేరు, రూమ్ బుక్ చేసేటప్పుడు చూసుకోండి. అక్కడ ఏటా మే 15న పహియాస్ అనే పండగ జరుగుతుంది. రైతులు కొలుచుకునే సాన్ ఇసిద్రో అనే సెయింట్ పేరు మీద, పంట బాగా వచ్చినందుకు చేసుకునే పండగ. తేదీ మారదు కాబట్టి వారం చూసుకోవాలి: 2026లో శుక్రవారం పడింది, 2027లో శనివారం. అంటే మీకు సరిగ్గా సరిపోతుంది.

సెబూలో సినులోగ్, ఇలోయిలోలో దినగ్యాంగ్ ఇంకా పెద్దవే, జనవరిలో వస్తాయి. కానీ వాటికి విమానం ఎక్కాలి, పైగా అక్కడ చూసేదంతా వీధుల్లో డాన్సులు, తిండి పక్కన ఉంటుంది. లుక్బన్‌లో తిండే పండగ. ఇంటి గోడలకీ కిటికీలకీ కట్టేవన్నీ వరి కంకులు, గుమ్మడికాయలు, బీన్స్, అరటి గెలలు, కొబ్బరికాయలు, ఆ ఊరి సాసేజ్‌ల దండలు కూడా. వాటి మధ్యలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఆకుల ఆకారంలో పల్చటి రేకులు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాటి పేరు కిపింగ్. బియ్యప్పిండితో చేస్తారు. దూరం నుంచి చూస్తే రంగు కాగితం అనుకుంటారు.

నేను మనీలా పక్కనే ఉన్న మకాతీలో పనిచేసే రోజుల్లో మా టీమ్‌లో ఒక అమ్మాయిది ఆ ఊరే. పండగ ముందు రోజు సాయంత్రమే రమ్మని మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లింది. ఊరేగింపు ఏటా ఒకే దారిలో వెళ్లదు, వీధులు మారుతుంటాయి. ఆ దారిలో ఉన్న ఇళ్లే అలంకరించుకుని పోటీ పడతాయి, ఆ ఏడు వాళ్ల వంతు వచ్చింది. ఇల్లంతా హడావిడి. ఒకడు నిచ్చెన మీద, ఇద్దరు కింద నుంచి పురికొస అందిస్తూ, పిల్లలు అడ్డంగా పరిగెడుతూ. వాళ్ల బామ్మ, అందరూ లోలా అంటారు, మా ఆవిడ వంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆపి, తన చెయ్యి చాపి నుదుటికి ఆనించుకోమంది. అక్కడ పెద్దవాళ్ల దీవెన అలా తీసుకుంటారు.

కిపింగ్ అంతా ఎప్పుడో చేసి ఆరబెట్టి పెట్టుకున్నారు. మేం పదే పదే అడుగుతున్నామని ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించింది. జారుగా కలిపిన బియ్యప్పిండిలో రంగు వేసి, అరచేతి కంటే పెద్ద ఆకు ఒకటి తీసుకుని దాని మీద ఆ పిండి పల్చగా పరిచి ఆవిరికి పెట్టింది. కాసేపే. దించి చల్లారనిచ్చి, కొస దగ్గర గోటితో లేపి నెమ్మదిగా లాగితే రేకు మొత్తం ఊడొచ్చింది. వెలుతురుకి పట్టుకుని చూస్తే ఆకు ఈనెలు ఒక్కొక్కటీ అచ్చుపడి ఉన్నాయి. ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తీయడం చూసినవాళ్లకి ఆ చెయ్యి తిరగడం వెంటనే తెలిసిపోతుంది. తర్వాత వాటిని వంకర పోకుండా బరువు కింద పెట్టి, ఎండాక గుత్తులు కట్టి షాండ్లియర్‌లా చేస్తారు, దాన్ని అరాంగ్యా అంటారు. పండగ అయ్యాక కిపింగ్ వేయించుకుని తినొచ్చు కూడా. లోలా మాకు రంగు వేయనివి కొన్ని వేయించి పెట్టింది. నూనెలో పడగానే ఉబ్బి, పళ్ల కింద కరకరలాడాయి. మా ఆవిడ ఆ రాత్రి వాళ్ల వంటింట్లోంచి బయటికి రాలేదు. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు, అయినా గంటల తరబడి ఏం మాట్లాడుకున్నారో!

మర్నాడు పొద్దున్నే వీధిలోకి దిగితే ముందు తినాల్సింది పాన్సిత్ హబ్‌హబ్. నూడుల్స్‌ని పంది మాంసం, కూరగాయ ముక్కలతో వండుతారు, అందులో మన బెంగుళూరు వంకాయ కూడా పడుతుంది. అరిటాకు ముక్కలో పెట్టి, పైన వెనిగర్ చల్లి చేతికిస్తారు. ఫోర్క్ ఉండదు, చేత్తో కూడా తినరు, ఆకు నోటి దగ్గర పెట్టుకుని నేరుగా లాగించడమే. వెనిగర్ దండిగా పోయించుకోండి, అది లేకపోతే ఆ వంట సగమే. తర్వాత లుక్బన్ లొంగనీసా, వెల్లుల్లి గట్టిగా తగిలే పొట్టి సాసేజ్. వేయించి అన్నంతో, పక్కన వెనిగర్‌తో ఇస్తారు. కర్రపెండలంతో చేసే బుదిన్ అనే తీపి ఒకటి ఉంది, అది ఇంటికి కట్టించుకోండి. పాకో అనే లేత ఫెర్న్ ఆకుల సలాడ్ కనిపిస్తే వదలొద్దు.

ఇక మన నోటికి ఎక్కుతుందా అన్నారు కదా, దీని గురించి నాకు చాలా కాలంగా కడుపుమంట ఉంది. మనవాళ్లు మనీలాలో దిగగానే మాల్‌లో ఏదో ఫాస్ట్‌ఫుడ్‌కి వెళ్లి తియ్యటి స్పగెట్టీ తింటారు, ఛీ ఛీ అనుకుంటారు, ఆ రోజు నుంచి రైస్ కుక్కరూ ఆవకాయ సీసాయే లోకం. ఏళ్లు ఉండి కూడా "ఫిలిప్పినో ఫుడ్ అంతా చప్పగా, తియ్యగా ఉంటుంది" అని కొత్తగా వచ్చినవాళ్లకి పాఠం చెప్తారు. మా ఆఫీసులోనే విన్నాను, విన్న ప్రతిసారీ వాదించాను. ఎవరైనా మన దగ్గరికొచ్చి ఎయిర్‌పోర్టులో ఒక ఇడ్లీ తిని ఆంధ్రా వంటల మీద తీర్పు చెప్తే ఊరుకుంటామా? లొంగనీసానే తీసుకోండి. పంపాంగాలో తియ్యగా చేస్తారు, విగన్‌లోనూ లుక్బన్‌లోనూ వెల్లుల్లి ఘాటుతో చేస్తారు. ఊరు మారితే రుచి మారుతుంది, ఊళ్లు తిరగకుండా ఆ దేశం తిండి తెలియదు.

నన్నడిగితే ఆసియాలో మన పులుపు పిచ్చి అర్థమయ్యేది ఫిలిప్పీన్స్ వాళ్లకే. సినిగాంగ్ అనే పులుసు చింతకాయలతో కాస్తారు, అందులో చేపో రొయ్యో వేసి, తోటకూరలాంటి ఆకు వేసి, మధ్యలో పచ్చిమిరపకాయ పడేస్తారు. చేపల పులుసు తిని పెరిగినవాడికి అది ఎక్కకపోతే వాడు సరిగ్గా తినలేదనే నేనంటాను. కారం మాత్రం తక్కువ, అది నిజం. దానికీ మందుంది: వెనిగర్‌లో సన్న మిరపకాయలు నానబెట్టిన సీసా చాలా హోటళ్లలో టేబుల్ మీదే ఉంటుంది, అడిగితే ఇస్తారు. కెజోన్ అంతా కొబ్బరి తోటలు కదా, అక్కడ కొబ్బరి కల్లు నుంచి చేసిన వెనిగర్ దొరుకుతుంది. ఒక సీసా కొనుక్కోండి, వేయించిన చేప మీద చల్లుకుంటే ఇంకేం అక్కర్లేదు.

పూర్తి శాకాహారులైతే కష్టమేనండి. కూరగాయల వంటల్లో కూడా చేప సాసో రొయ్యల ముద్దో పడుతుంది. బుదిన్, సుమన్ అనే, అరిటాకులో చుట్టి వండే జిగురు బియ్యం వంటకం, మామిడిపళ్లు, కాల్చిన మొక్కజొన్నతో రోజు గడుస్తుంది, అంతకంటే ఆశపడొద్దు.

అదే రోజు పక్క ఊళ్లలో కూడా సాన్ ఇసిద్రో పండగే. తయాబాస్‌లో జనం మీదికి సుమన్‌లు విసురుతారు, సరియాయాలో వెదురు కొమ్మలకి తినుబండారాలు కట్టి పెడితే ఊరేగింపు వెళ్లగానే జనం ఎగబడి లాక్కుంటారు. మూడూ ఒకే రోజులో చూద్దామని బయల్దేరితే మాత్రం రోడ్డు మీదే తెల్లారుతుంది. లుక్బన్‌లోనే ఉండండి. తయాబాస్ లంబనోగ్‌కి పేరున్న ఊరు, కొబ్బరి కల్లుని బట్టీ పెట్టి తీసే సారా అది, నీళ్లలా కనిపిస్తుంది కానీ తలకి ఎక్కేస్తుంది. ఎండలో తిరిగేటప్పుడు జోలికెళ్లకండి.

వెళ్లడానికి మనీలా నుంచి లుసేనా బస్సు ఎక్కి, లుసేనా టెర్మినల్‌లో దిగి, తయాబాస్ మీదుగా లుక్బన్ వెళ్లే జీప్నీ, అంటే అక్కడి షేర్ జీపు లాంటి బండి, పట్టుకోండి. మామూలు రోజుల్లో నాలుగు గంటల ప్రయాణం, పండగ రోజు పొద్దున బయల్దేరితే ఎంతవుతుందో చెప్పలేం, అందుకే ముందు రోజే చేరుకోండి. ఊళ్లో రూములు నెలల ముందే అయిపోతాయి, ఉన్నవాటి రేట్లు పండగ పేరు చెప్పి అన్యాయంగా పెంచేస్తారు. లుసేనాలో రూమ్ తీసుకుని పొద్దున్నే ఐదింటికల్లా జీప్నీ ఎక్కినా ఇబ్బంది లేదు. ఎండ ముదిరేలోపే ఇళ్లన్నీ చూసేయండి, పది దాటాక సెల్ఫీల గుంపుల్లో అడుగు పడదు. గొడుగు ఉండాలి, మధ్యాహ్నం వాన పడితే పడొచ్చు. చిల్లర నోట్లు పెట్టుకోండి, పాన్సిత్ బండి దగ్గర పెద్ద నోటిస్తే మార్చడానికి వాళ్ల దగ్గర ఉండదు.