న్యూ లనార్క్ బడి గురించి విదేశీయులు రాసింది నిజమేనా?

స్కాట్లండ్‌లోని న్యూ లనార్క్‌కి వెళ్లిన విదేశీయులు ఆ మిల్లు ఊరినీ బడినీ తెగ మెచ్చుకున్నారు కదా, అదంతా నిజమేనా, లేక యజమాని చూపించిందే చూసి వచ్చారా అని అడిగారు. ముప్ఫై ఏళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. మా నాన్న వరంగల్ ఆజంజాహీ మిల్లులో స్పిన్నింగ్‌లో పనిచేసేవారు. గ్లాస్గోలో ఉంటున్న మా అమ్మాయి నన్ను ఆ ఊరికి తీసుకెళ్లింది. కాబట్టి నా మాట చెబుతాను.

బడి విషయంలో వాళ్లు రాసింది నిజమే. 1800లో ఆ మిల్లుల బాధ్యత తీసుకున్న రాబర్ట్ ఓవెన్, 1816 జనవరి 1న అక్కడ విద్యాలయం తెరిచాడు. నడక వచ్చిన పసివాళ్లనుంచీ చేర్చుకునేవాళ్లు. వాళ్లను చూసుకోవడానికి ఓవెన్ పెట్టుకున్నది పెద్ద పండితుణ్ని కాదు, జేమ్స్ బుకానన్ అనే నేతపనివాణ్ని, తోడుగా మిల్లులో పనిచేసే పదిహేడేళ్ల అమ్మాయిని. ఆయన వాళ్లకు పెట్టిన నియమం: ఏ బిడ్డనూ కొట్టకూడదు, బెదిరించకూడదు, ఎప్పుడూ ప్రేమగా మాట్లాడాలి. బెత్తం లేకుండా క్లాసు ఎలా నడుస్తుందని మొన్నమొన్నటిదాకా మా స్టాఫ్ రూంలోనే వాదించుకునేవాళ్లం!

ఇప్పుడు ఆ గదిని మళ్లీ అప్పటిలా అమర్చారు. గోడలకు జంతువుల పెద్దపెద్ద బొమ్మలు, పక్కన భూగోళం. అప్పట్లో ఊళ్ల పేర్లు లేని పటాల మీద పిల్లలు కర్రతో చోట్లు చూపించేవాళ్లట. ప్రపంచమంతా చుట్టివచ్చిన ఓ నౌకాదళ అధికారి, ఆరేళ్లు నిండని ఆ పిల్లలు చెప్పిన జవాబులు తనకే తెలియవని ఒప్పుకున్నాడని ఓవెన్ ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ గదిలో నాకు కళ్లు చెమర్చాయి.

1815 నుంచి 1825 దాకా దాదాపు 20,000 మంది ఆ ఊరు చూశారు. తర్వాత రష్యా చక్రవర్తి అయిన నికోలస్ 1816లో వచ్చాడు. 1819లో వచ్చిన న్యూయార్క్ ఉపాధ్యాయుడు జాన్ గ్రిస్కమ్ ఇంత క్రమశిక్షణ, శాంతి ఉన్న మిల్లు ఊరు ప్రపంచంలో మరొకటి ఉండదన్నట్టు రాశాడు. వచ్చినవాళ్లను ఎక్కువగా ఆకట్టుకున్నవి పిల్లల పాటలూ నాట్యాలూ. అవే మిల్లుల్లో ఓవెన్‌తో వాటా ఉన్న కొందరు భాగస్వాములకు నచ్చలేదు, 1824లో నాట్యం ఆపించారు. నాకు చాలా బాధ కలిగించిన సంగతి ఇది.

అయితే అతిథులు అంతగా పట్టించుకోనిదీ ఉంది. పదేళ్లు నిండగానే ఆ పిల్లల్లో ఎక్కువమంది మిల్లులోకే వెళ్లేవాళ్లు, ఆపై చదువు రాత్రిబడిలోనే. పనిగంటలు తగ్గించాకా రోజుకు పదిన్నర గంటలకు పైనే. ఆ కాలానికి అది దయే, కాదనను. పదకొండేళ్ల పిల్ల అంతసేపు నిలబడి పనిచేశాక రాత్రి పలక పట్టుకుంటే ఏం ఎక్కుతుందో టీచర్లకు తెలుసు. ఇక వాళ్లు వడికిన పత్తిలో చాలా భాగం అమెరికాలో బానిసలు పండించింది.

మూడో నంబరు మిల్లులో నూలు వడికే పాత యంత్రం ఇప్పటికీ తిరుగుతోంది, ఇప్పుడు ఉన్ని వడుకుతున్నారు. అది ఒక్కటే. అలాంటివి వరసగా తిరిగే షెడ్డులో పనిచేసిన మా నాన్నకు యాభై దాటేసరికి చెవులు సరిగ్గా వినిపించేవి కావు, ఇంట్లో మేమంతా గట్టిగా మాట్లాడేవాళ్లం. మీరు వెళితే ముందు ఆ యంత్రం దగ్గర కాసేపు నిలబడండి. ఆ తర్వాత బడి గదికి వెళ్లండి.