ఇన్‌ఫ్లుయెన్సర్ మానేసిందని మా పాప కూడా మానేసింది... తప్పు సోషల్ మీడియాదేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. రెండేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల మీద, ఊళ్లోని టిఫిన్ సెంటర్ల మీద రీల్స్ చేసేది. ముప్పై వేల మందికి పైగా ఫాలోవర్లు వచ్చారు. షాపుల వాళ్లు డబ్బులు ఇచ్చేవాళ్లు. వీడియోలు వాళ్ల తమ్ముడు తీసేవాడు. సరిగా రాలేదని వాడి మీద అరిచేది, ఒక్కోసారి అన్నం కూడా తినేది కాదు. తను బాగా ఇష్టపడే ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ ‘సోషల్ మీడియా నా జీవితాన్ని పాడుచేసింది’ అని ఏడుస్తూ వీడియో పెట్టి మానేసింది. అది చూసి పది రోజుల కిందట మా పాప కూడా అకౌంట్ డిలీట్ చేసేసింది. డిజిటల్ మార్కెటింగ్ చదువుతానన్న పిల్ల ఇప్పుడు బ్యాంకు కోచింగ్‌కు పోతానంటోంది. మా ఆయన ‘మంచిదే, ఆ ఫోనే దీన్ని పాడుచేసింది’ అంటున్నారు. నాకేమో అట్లా అనిపించడం లేదు. నిజంగా తప్పు సోషల్ మీడియాదేనా? పాపను ఎటు పంపమంటారు? ఒక చీరల షాపు దగ్గర మూడు రీల్స్‌కని అడ్వాన్స్ తీసుకుని ఒక్కటే చేసింది, దానికేం చేయాలో కూడా చెప్పండి.

జవాబు: అమ్మా, కోచింగ్ విషయంలో మీకు తొందరేమీ లేదు. బ్యాంకు పీఓకైనా (ప్రొబేషనరీ ఆఫీసర్), క్లర్కుకైనా డిగ్రీ పూర్తి కావాలి, కనీసం 20 ఏళ్లు నిండాలి. ఈలోగా మీ ఇంట్లో ఇద్దరి మాటల్లో ఎవరి మాటలో ఎంత నిజం ఉందో చూద్దాం. ఎందుకంటే పాప దేన్ని చూసి పారిపోతోందో తెలియకుండా ఏ కోర్సులో చేర్చినా అది అక్కడికీ వెంట వస్తుంది.

ఆస్ట్రేలియాలో ఎస్సేనా ఓనీల్ అని ఒక అమ్మాయి ఉండేది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరు లక్షల మందికి పైగా ఫాలోవర్లు. టీనేజ్ దాటకముందే, 2015లో ఒక్కసారిగా అన్నీ మానేసింది. రెండు వేలకు పైగా ఫొటోలు తీసేసి, మిగిలిన వాటి కింద అసలు సంగతులు రాసింది. ఒక డ్రెస్సు ఫొటో కింద, ఇది పెట్టినందుకు నాకు 400 డాలర్లు ఇచ్చారని రాసింది. బికినీ ఫొటో కింద రాసిన మాటలు ఇంకా బాధగా ఉంటాయి. పొట్ట సన్నగా కనిపించాలని అలాంటివి వందకు పైగా తీయించుకుందట, ఆ రోజు సరిగా తిననేలేదట, తనకు కాస్త నచ్చేదాకా తీస్తూనే ఉండమని చెల్లెలి మీద అరిచిందట. మీ ఉత్తరంలో తమ్ముడి సంగతి చదవగానే నాకు ఆ చెల్లెలే గుర్తొచ్చింది.

ఆ చెల్లెలి మీద అరిచింది ఎస్సేనాయే. అయితే ఆమెను వందో ఫొటో దాకా తీసుకెళ్లినవి మూడు: ఫొటో కింద కనిపించే లైకుల అంకె, డ్రెస్సు కంపెనీ ఇచ్చే డబ్బు, నలుగురూ మెచ్చుకోవాలన్న ఆ వయసు ఆశ. మూడో దానికి ఎవరినీ తప్పుపట్టలేం. రెండో దాని సంగతి కాసేపట్లో చెబుతాను. మొదటిది మాత్రం సోషల్ మీడియా కంపెనీలు తెలిసి తయారుచేసింది. అందుకే మీ ఆయన కోపాన్ని నేను కొట్టిపారేయను. ఒక వారం రీల్స్ పెట్టకపోతే రీచ్, అంటే వీడియో చేరే జనం సంఖ్య, పడిపోతుందేమోనని పిల్లలు టెన్షన్ పడతారు. నిజంగానే పడిపోతే ఎందుకు పడిపోయిందో చెప్పే మనిషి ఉండడు, ఫోన్ చేసి అడగడానికి ఒక ఆఫీసు ఉండదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఆమెకు మూరకు ఎంత వస్తుందో పొద్దున్నే తెలుసు. మీ పాపకు నిన్న లక్ష వ్యూస్ వచ్చి ఈరోజు రెండు వేలు వస్తే, తను చేసిన తప్పేమిటో తెలియదు. కారణం తెలియనప్పుడు ఆడపిల్లలు ఎక్కువగా తమ ముఖంలో, ఒంట్లో తప్పు వెతుక్కుంటారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే ఫేస్‌బుక్ కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన కంపెనీ లోపలి పత్రాల్లో, టీనేజ్ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ శరీరం మీద ఉన్న అసంతృప్తిని ఇన్‌స్టాగ్రామ్ మరింత పెంచుతోందని రాసి ఉంది. ఆ పరిశోధనను తప్పుగా అర్థం చేసుకున్నారని కంపెనీ వాదించింది. అయినా అలాంటి మాట తమ సొంత ఆఫీసులోనే నడిచాక, మాకేం తెలుసు అనడానికి వాళ్లకు వీలు లేదని నా అభిప్రాయం. 16 ఏళ్లలోపు పిల్లలకు అకౌంట్లు ఉండకూడదని ఆస్ట్రేలియా చట్టం చేసి 2025 డిసెంబరు నుంచి అమలు చేస్తున్నదంటే, ఆ దేశం కూడా దీన్ని పిల్లల తప్పని వదిలేయలేదన్నమాట.

ఇక డబ్బు సంగతి. ఫలానా చీర ‘నాకు చాలా నచ్చింది’ అని డబ్బు తీసుకుని చెప్పడం, ఆ డబ్బు మాట దాచడం సోషల్ మీడియా కంపెనీ చేయించిన పని కాదు. డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో నిబంధనలు ఇచ్చింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అక్కడ అల్గారిథం (ఎవరికి ఏ వీడియో చూపాలో తేల్చే యాప్ లెక్క) చేసిందని చెప్పి తప్పించుకోవడం కుదరదు. అలాగే ఇంట్లోవాళ్ల పాత్ర కూడా కొంత ఉంటుంది, నొచ్చుకోకండి. షాపు డబ్బులు వచ్చినప్పుడు సంతోషించడం సహజం. దానికి ఎన్ని గంటలు పట్టింది, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు అని ఎవరైనా అడిగారా? తమ్ముడికి అందులో ఏమైనా ఇచ్చిందా? ఇవి మీరూ మీ ఆయనా ఇప్పుడైనా పాపతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాటలు.

పాప చూసిన ఆ ఏడుపు వీడియోను నేను అబద్ధమనను. కానీ మానేసిన వాళ్లందరూ ఒకే కారణంతో మానేయరు. కెనడా యూట్యూబర్ ఎల్ మిల్స్ 2018లో, 19 ఏళ్ల వయసులో, కోరుకున్నదంతా దొరికాక కూడా తాను ఎంత అలసిపోయిందో ఒక వీడియోలో చెప్పింది. బ్రిటన్‌కు చెందిన టామ్ స్కాట్ పదేళ్లు ప్రతి వారం యూట్యూబ్ వీడియో పెట్టి, ఇక చాలని ముందే చెప్పి, 2024 జనవరి 1న ఆ వారం వారం పనికి ముగింపు పలికాడు. ఎవరినీ తిట్టలేదు, ఒక ఉద్యోగం పూర్తి చేసినట్టు చేశాడు. ఎస్సేనా విషయంలో మాత్రం కొద్దిరోజులకే అద్దె కట్టుకోలేకపోతున్నానని, సాయం చేయమని అడిగే పరిస్థితి వచ్చింది. కెరీర్ సలహాలిచ్చే మనిషిగా నేను ఈ చివరి సంగతిని అండర్‌లైన్ చేస్తాను. జీతం, సెలవు, పీఎఫ్ లేని పనిని ఒక్కదాన్నే నమ్ముకుంటే, దాన్ని వదలడం కూడా ఖర్చుతో కూడిన పనే. మీ పాప అదృష్టం, తను డిగ్రీ మధ్యలో ఉండగా వదిలింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఏది భరించలేకపోయావో నిదానంగా అడగడం. ‘నేను చెప్పలేదా’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఒంటి మీద, రంగు మీద వచ్చిన కామెంట్లే కారణమైతే తన ముఖం కనిపించని పని చూసుకోవాలి. మన ఊళ్లో లాడ్జీలు, ఆసుపత్రులు, పట్టుచీరల షాపులు, కోచింగ్ సెంటర్లు అన్నింటికీ పేజీలు ఉన్నాయి. వాటికి రాసేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు, యాడ్స్ చూసేవాళ్లు కావాలి. ఆరు గంటలకు కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోవచ్చు. ఇక అంకెల వెంట పరుగే కారణమైతే బ్యాంకు గురించి కూడా నిజం చెప్పండి: అక్కడా టార్గెట్లు ఉంటాయి, కాకపోతే నెల జీతం ఆగదు, పై అధికారి పేరు తెలుస్తుంది. అది తెలిసీ వెళ్తానంటే సంతోషంగా పంపండి, మంచి ఉద్యోగమే.

నా మట్టుకు నేను ఇప్పుడే కోచింగ్‌కు ఫీజు కట్టమనను. మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్లకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా, దాన్ని ఏదైనా హోటల్‌లోనో, షోరూమ్‌లోనో మార్కెటింగ్ పనిలో చేయించండి. జీతం ఇచ్చే యజమాని కింద అదే పని ఎలా ఉంటుందో తనకే అర్థమవుతుంది. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ శిక్షణ సైటు స్కిల్‌షాప్‌లో యాడ్స్ పాఠాలు ఉచితం, వేలకు వేలు అడిగే ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కేముందు అవి చూడమనండి. నచ్చితే డిగ్రీ అయ్యాక ఏపీ ఐసెట్ రాసి మార్కెటింగ్‌తో ఎంబీఏ చేయవచ్చు. రాయడం, మాట్లాడించడం ఇష్టమైతే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. రెండేళ్లు టిఫిన్ సెంటర్ల చుట్టూ తిరిగి, పొయ్యి దగ్గర మనుషులతో నాలుగు మాటలు చెప్పించిన పిల్లకు ఆ విద్య కొంత వచ్చేసినట్టే.

నిద్ర, తిండి ఇప్పటికీ సరిగా లేకపోతే చదువు మాట పక్కన పెట్టండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మనసు బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళ్లడం పరువు తక్కువ కాదమ్మా.

రెండు పనులు ఈ వారంలోనే చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ డిలీట్ చేయమని అడిగాక 30 రోజుల లోపు లాగిన్ అయితే అది తిరిగి వస్తుంది. మీకు పది రోజులు అయిపోయాయి. పాప ఒప్పుకుంటేనే, మీరు పక్కన కూర్చుని ఒకసారి తెరిపించి, తన వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టించండి. రేపు ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు చూపించడానికి అవే ఉంటాయి. కామెంట్లు, మెసేజీలు ఆరోజు చూడొద్దనండి. తర్వాత మళ్లీ డిలీట్ చేసుకోవాలనుకుంటే చేసుకోనివ్వండి, వద్దనకండి.

చీరల షాపు అడ్వాన్స్ మాత్రం ఉంచుకోకూడదు. చేసిన ఒక రీల్‌ డబ్బు పట్టుకుని మిగతాది వెనక్కి ఇచ్చేయాలి. అకౌంట్ పోవడంతో ఆ ఒక్క రీల్ కూడా కనిపించడం లేదని షాపాయన అడిగితే అదీ ఇచ్చేయాలి. ఫోన్ పే చేసి ఊరుకోకుండా తనే షాపుకు వెళ్లి, ‘అన్నా, ప్రస్తుతం నేను రీల్స్ చేయడం లేదు, మీ డబ్బులు ఇవిగో’ అని చెప్పమనండి. మీరు తోడు వెళ్లండి కానీ మాట్లాడేది తనే కావాలి. డబ్బు ఖర్చయిపోయి ఉంటే మీరు సర్ది, తర్వాత తన ఇంటర్న్‌షిప్‌లో వచ్చే స్టైపెండ్ నుంచి తీసుకోండి.